కరువు పనుల్లో మా పొలంలో తవ్విన కుంటను పూడ్చుకోవచ్చా?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లాలో ఒక మెట్ట ఊరు. 2002 కరువులో పనికి ఆహార పథకం కింద మా పట్టా పొలంలో ఎకరా ఇరవై సెంట్ల మేర ఊట కుంట తవ్వారు. కూలీలకు బియ్యం ఇచ్చారు. మా నాన్న నోటిమాటగా సరేనన్నాడట. కాగితం లేదు, మాకు పైసా ఇవ్వలేదు. నాన్న పోయాడు. పాసుపుస్తకం, 1బి (రెవెన్యూ భూమి రికార్డు) ఇప్పటికీ ఆయన పేరుమీదే ఉన్నాయి. కుంట పూడ్చి చీనీ (బత్తాయి) మొక్కలు పెడదామని తమ్ముడు అంటున్నాడు. ఊళ్లోవాళ్లు "అది గవర్నమెంటు కుంట, ముట్టుకుంటే కేసే" అంటున్నారు. ఇన్నేళ్ల తర్వాత మాకు హక్కు ఉందా? నష్టపరిహారం వస్తుందా?

జవాబు: ముందు మీ తమ్ముడితో చెప్పండి, జేసీబీని పిలవొద్దని. మిగతాది తీరిగ్గా మాట్లాడుకుందాం.

కుంట తవ్వినంత మాత్రాన భూమి గవర్నమెంటుది కాదు. మీ నాన్నగారు నిజంగా దానం ఇచ్చారనుకున్నా, భూమి దానానికి రిజిస్టరు దస్తావేజు ఉండాలి. నోటిమాటతో పట్టా భూమి చేతులు మారదు. చట్టప్రకారం తప్ప ఎవరి ఆస్తినీ తీసుకోకూడదని రాజ్యాంగం 300ఎ అధికరణం చెబుతోంది. కాబట్టి ఆ ఎకరా ఇరవై సెంట్లు ఇప్పటికీ మీ కుటుంబానివే.

ఇన్నేళ్లయిందన్న టెన్షన్ మీకు సహజం. హిమాచల్ ప్రదేశ్‌లో విద్యాదేవి కేసు చూడండి. 1967-68లో ఆమె భూమిలో రోడ్డు వేశారు. భూసేకరణ లేదు, డబ్బు లేదు. ఆమె చదువురాని వితంతువు, హైకోర్టుకు వెళ్లింది 2010లో. ఆమె నోటిమాటగా ఒప్పుకుందని, చాలా ఆలస్యమైందని, అనుభవంతో తమకే హక్కు వచ్చిందని ప్రభుత్వం వాదించింది. 2020 జనవరిలో సుప్రీంకోర్టు ఇవేవీ ఒప్పుకోలేదు. పౌరుడి భూమి మీద ప్రభుత్వమే అనుభవ హక్కు అడగడం కుదరదని చెప్పి, పక్క భూములకు ఇచ్చిన లెక్కనే ఆమెకూ పరిహారం, వడ్డీ ఇప్పించింది. 2022లో అదే రాష్ట్రం నుంచి వచ్చిన సుఖ్‌దత్ రాత్రా కేసులోనూ దారి అదే.

అయితే మీ కేసులో ఒక చిక్కు ఉంది, దాచడం నాకు ఇష్టం లేదు. ఆ కేసుల్లో యజమానులు ఒప్పుకున్నారని ప్రభుత్వం రుజువు చేయలేకపోయింది. మీరేమో నాన్న సరేనన్నాడని మీరే రాశారు. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం 60వ సెక్షన్ ప్రకారం, ఒకరి అనుమతిని నమ్ముకుని మరొకరు ఖర్చుపెట్టి శాశ్వత కట్టడం కడితే, ఆ అనుమతిని తర్వాత వెనక్కి తీసుకోవడం కుదరదు. అంటే భూమి మీదే అయినా కుంటను తీసేయమనే హక్కు బలహీనపడుతుంది. పరిహారం మీదా ఆ ప్రభావం పడొచ్చు. అలాగని కోర్టులో ఇచ్చే అఫిడవిట్‌లో నాన్న ఒప్పుకోలేదని అబద్ధం రాయకండి. ఆనాడు పనికి వచ్చినవాళ్లు మీ ఊళ్లోనే ఉన్నారు.

పూడిస్తే ఏమవుతుంది? ఆ ఊటతో నిండే బోర్లు ఎవరివో మీకు తెలుసు. సేద్యానికి అందే నీటిని తెలిసి తగ్గించడం భారతీయ న్యాయ సంహిత 326వ సెక్షన్ కింద నేరం, ఐదేళ్ల వరకు శిక్ష పడొచ్చు. సొంత భూమిలో చేసినా ఎదుటివాడికి నష్టమైతే ఈ సెక్షన్ వర్తిస్తుంది. పైగా నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం కింద అధికారులు అడ్డుకోగలరు. మా ఊరి చెరువు కట్టకు మట్టి మోసి, ఆ కూలి బియ్యంతో మా అమ్మ మమ్మల్ని సాకింది. అందుకే ఇలాంటి కుంట పూడ్చమని నేనెవరికీ చెప్పలేను. చట్టం కూడా చెప్పనివ్వదు.

కానీ ఊరి కరువు తీర్చే భారాన్ని మీ నాన్న ఒక్కడి పొలమే మోయాలని ఏ చట్టంలోనూ లేదు. పరిహారం అడగండి. మొదట మండల సర్వేయరుతో కుంట ఎన్ని సెంట్లలో ఉందో కొలిపించండి. ఎంపీడీఓ ఆఫీసులో సమాచార హక్కు కింద ఎస్టిమేటు, ఎం బుక్కు (పని కొలతలు రాసే పుస్తకం), పంచాయతీ తీర్మానం, మీ నాన్నగారి వేలిముద్ర లేదా సంతకం ఉన్న అంగీకారపత్రం ఏదైనా ఉంటే దాని నకలు అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. 2006 ఫిబ్రవరిలో మీ జిల్లా బండ్లపల్లిలోనే మొదలైన ఉపాధి హామీ పనులకు దస్త్రాలు, సామాజిక తనిఖీ ఉన్నాయి. అంతకుముందు కరువు పనుల కాగితాలు దొరకడం కష్టం. దొరకలేదని రాసిచ్చినా మేలే, ఆ జవాబు జాగ్రత్తగా దాచండి. ఆ అంగీకారపత్రం చూపించాల్సింది ప్రభుత్వమే.

పాసుపుస్తకం వారసుల పేర్లకు మార్పించండి. అమ్మకూ అక్కచెల్లెళ్లకూ వాటా ఉంది, వాళ్ల సంతకాలు లేకుండా ముందుకెళ్లొద్దు. తర్వాత కలెక్టరుకు రిజిస్టరు పోస్టులో అర్జీ పెట్టండి. రెండు నెలలు చూసి, కదలిక లేకపోతే హైకోర్టులో రిట్ (ప్రభుత్వాన్ని ఆదేశించమని కోరే పిటిషన్) వేయించండి. భూసేకరణ జరిగినట్టే భావించి 2013 భూసేకరణ చట్టం ప్రకారం లెక్క కట్టమని కోరండి. ఒకవేళ మీది డీకేటీ పట్టా, అంటే పేదలకు గవర్నమెంటు ఇచ్చిన అసైన్డు భూమి అయినా నిరాశ పడకండి. అసైన్డు భూమికీ మార్కెట్ ధరే ఇవ్వాలని 2004లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం చెప్పింది.

లాయరు ఫీజు గురించి భయపడుతుంటే, అమ్మగారిని మొదటి పిటిషనరుగా పెట్టండి. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా న్యాయసేవల సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. జిల్లా కోర్టు ఆవరణలోనే వాళ్ల ఆఫీసు ఉంటుంది.