బట్టీల నుంచి వచ్చిన ఒడియా పిల్లలు క్లాసులో నోరు విప్పడం లేదు, ఏం చేయాలి?

నల్లగొండ దగ్గర ప్రైమరీ బడిలో కొత్తగా చేరానని, ఇటుక బట్టీల నుంచి ఆరుగురు ఒడియా పిల్లలు వచ్చారని, వాళ్లు ఒక్క మాటా మాట్లాడరని, తల్లిదండ్రులు పిలిచినా రారని రాశారు. వీళ్లకు తెలుగు ఎలా మొదలుపెట్టాలని అడిగారు.

మేడం, ముందు నా సంగతి చెప్తాను. మాది పాలమూరు. నాకు ఏడేళ్లప్పుడు మా అమ్మానాన్న కూలీలను పనికి తీసుకుపోయే మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని పుణె వైపు పనికి పోతూ నన్నూ వెంట తీసుకుపోయారు. అక్కడి మరాఠీ బడిలో మొదటిరోజు సార్ 'తుఝం నావ్ కాయ్?' అని అడిగారు. నీ పేరేంటి అని. నాకేమో 'నావ', 'కాయ' అని వినబడ్డాయి. నా దగ్గర ఏ కాయా లేదని రెండు అరచేతులూ చాపి చూపించాను. క్లాసంతా నవ్వింది. ఆ తర్వాత రెండు నెలలు ఆ బడిలో నేను మాట్లాడలేదు. అప్పటికే నాకు ఎక్కాలు వచ్చు, కానీ ఆ సంగతి అక్కడ ఎవరికీ తెలియదు.

అందుకే చెప్తున్నా, తెలుగు అక్షరాలు ఒక వారం ఆపండి. ముందు మీరు వాళ్ల మాటలు ఓ ఇరవై నేర్చుకోండి. మన వైపు బట్టీలకు వచ్చేవాళ్లలో చాలామంది బలంగీర్, నువాపడా జిల్లాలవాళ్లు. ఇంట్లో మాట్లాడేది సంబల్‌పురి, అది పుస్తకాల్లోని ఒడియాకు కాస్త వేరు. కాబట్టి ఫోన్‌లో అనువాదం చూసి నేర్చుకోకండి, పిల్లలనే అడగండి. మీరు తప్పుగా పలికితే వాళ్లు సరిదిద్దుతారు, అక్కడే నోరు విప్పుతారు.

మూడో తరగతిలో నా దగ్గర ఒక బాబు ఉండేవాడు. బోర్డు మీద పది దాటి అంకెలు చెప్పమంటే తల దించుకునేవాడు. ఒకరోజు బట్టీకి పోతే వాళ్ల నాన్న పోసిన పచ్చి ఇటుకలను వరసలవారీగా లెక్కపెడుతున్నాడు. ఎక్, దుయ్, తీన్... వేలు గాలిలో ఆడిస్తూ మూడు వందలు దాటించాడు. మర్నాడు క్లాసులో సుద్దముక్కలు వరసగా పేర్చి వాడి భాషలోనే లెక్కపెట్టమన్నాను. వాడు ఒక అంకె చెప్పడం, మన పిల్లలు దాని పక్కన తెలుగు అంకె చెప్పడం. అట్లా నెల తిరిగేసరికి కూడికలు రెండు భాషల్లో చేసేవాడు.

తల్లిదండ్రుల సంగతికొస్తే, వాళ్లకు కూలి వెయ్యి ఇటుకల లెక్కన వస్తుంది. మీటింగ్‌కు వస్తే ఆ పూట ఇటుకలు పోయినట్టే. మీరే పోండి. ఎండ ముదిరి పని ఆపి గుడిసెలో అన్నం తినే వేళకు పోతే కూర్చోబెట్టి మాట్లాడతారు. మేస్త్రీ మధ్యలో ఉంటే నిజం బయటకు రాదు, వీలైతే తల్లితో విడిగా మాట్లాడండి. అంగడి రోజు మాత్రం పోవద్దు, ఎవరూ దొరకరు. పెద్దపిల్ల బడికి రాకపోతే కారణం చాలాసార్లు చంకలోని చంటిపిల్లే. మూడేళ్లు దాటిన చిన్నవాళ్లను అంగన్‌వాడీలో చేర్పిస్తే అక్కకు బడి దొరుకుతుంది.

ఆధార్ లేదు, టీసీ లేదు అని ఎవరైనా అడ్డుచెప్తే వినకండి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం వయసు ధ్రువపత్రం లేదని చేర్చుకోకుండా ఉండకూడదు, టీసీ ఆలస్యమైందనీ ఆపకూడదు. వయసుకు తగిన తరగతిలోనే కూర్చోబెట్టాలి. వీలైనంతవరకు మాతృభాషలో బోధన ఉండాలని కూడా అందులోనే ఉంది.

జనవరిలో వాళ్లకు పుష్‌పుని వస్తుంది, పుష్యమాసం పున్నమి పండుగ. అప్పటికి వాళ్లు ఇక్కడ బట్టీల్లో ఉంటారు. మన సంక్రాంతి ముగ్గుల రోజుల్లోనే ఆ పండుగ గురించి క్లాసులో చెప్పమనండి. వాళ్ల ఊళ్లో పిల్లలు ఆ రోజు ఇంటింటికీ తిరిగి వడ్లు అడుక్కునే సంగతి చెప్తుంటే వాళ్ల ముఖాలు చూడాలి మీరు. వాళ్లు పొద్దున తినే పఖాల్ మన సద్దన్నం లాంటిదే. ఈ మాట బోర్డు మీద రాసినప్పుడు మా క్లాసులో ఒక లంబాడా పాప లేచి తన ఇంటి మాట కూడా రాయమంది. లంబాడాల భాష గోర్ బోలి మాట్లాడే పిల్లలు మనకు ఎప్పటినుంచో ఉన్నారు కదా, వాళ్లను నేనూ ఎప్పుడూ అడగలేదు.

వానలకు ముందు బట్టీ ఆగిపోతుంది, ఒకరోజు చెప్పాపెట్టకుండా అందరూ వెళ్లిపోతారు. ఏప్రిల్‌లోనే ఒక్కో బిడ్డకు ఏం చదవగలడో, ఏ లెక్కలు వచ్చో, ఎన్ని రోజులు బడికి వచ్చాడో కాగితం రాసి స్టాంపు వేసి పెట్టుకోండి. అది తల్లి చేతికి ఇవ్వండి, మేస్త్రీకి కాదు.