ఒకే యాప్ రెండు అంకెలు చెప్పింది, ఏది నమ్మాలి?

ప్రశ్న: మేడం గారూ, నమస్తే. నాకు 44 ఏళ్లు, ఎత్తు 157 సెంటీమీటర్లు. తెనాలిలో ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంటాను. పోయిన ఏడాది 67 కిలోలుండేదాన్ని. రోజుకు 1,200 కేలరీల డైట్ చార్టు పెట్టుకుని ఏడు నెలల్లో 58కి వచ్చాను. ఇంకా తగ్గాలని లేదు, ఇక్కడే నిలబడితే చాలు. దానికి ఎంత తినాలో చూద్దామని ఫోన్లో యాప్‌లో కొడితే 1,416 అని వచ్చింది. మా అమ్మాయి అదే యాప్‌లో మళ్లీ కొడితే 1,829 అంది. నాలుగు వందల తేడా అంటే మా ఇంట్లో ఒక పూట భోజనం. ఏది నమ్మాలి? పైగా నలభై దాటితే మెటబాలిజం పడిపోతుంది, గాలి పీల్చినా ఒళ్లొస్తుందని మా ఆడపడుచు భయపెడుతోంది. ఒక ఇడ్లీ ఎక్కువ వేసుకోవాలన్నా చెయ్యి వెనక్కి పోతోంది.
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, ముందు ఆ రెండంకెల సంగతి తేల్చేద్దాం. మీ వివరాలతో నేనూ కాగితం మీద లెక్క వేశాను. యాప్‌లో తప్పేమీ లేదు.

అది వాడేది 1990లో వచ్చిన మిఫ్లిన్-సెయింట్ జియోర్ సూత్రం. బరువును 10తో, ఎత్తును 6.25తో గుణించి రెండూ కలపాలి. అందులోంచి వయసును 5తో గుణించి తీసేయాలి. ఆడవాళ్లకైతే ఇంకో 161 తీసేయాలి, మగవాళ్లకైతే 5 కలపాలి. మీకు 580, 981 కలిపి, 220, 161 తీసేస్తే 1,180 వస్తుంది. మీరు రోజంతా మంచం మీద కదలకుండా పడుకున్నా గుండె, కాలేయం, మెదడు, ఊపిరి నడవడానికి అయ్యే ఖర్చు అది. దాన్ని మీ రోజువారీ కదలికను బట్టి మళ్లీ గుణిస్తారు. ఎక్కువసేపు కూర్చునే వాళ్లకు 1.2, కాస్త నడక ఉంటే 1.375, ఓ మోస్తరు శ్రమ ఉంటే 1.55. మీరు మొదటి బటన్ నొక్కారు, 1,416 వచ్చింది. మీ అమ్మాయి మూడోది నొక్కింది, 1,829 వచ్చింది.

ఆ పిల్ల ఎందుకు నొక్కిందో నాకు తెలుసు. తెల్లారి లేచిన దగ్గర్నుంచి రాత్రి వరకూ అమ్మ పని చేస్తూనే కనిపిస్తుంది. అయితే అలసట వేరు, కేలరీల ఖర్చు వేరు. మీ మిషను కాలితో తొక్కేదా, మోటారు బిగించిందా అన్నది మీరు రాయలేదు. తొక్కేదైతే పిక్కలు రోజంతా పనిచేస్తాయి. మోటారుదైతే బొటనవేలు నొక్కి వదలడమే. పెళ్లిళ్ల సీజన్లో పది గంటలు కూర్చుని కుడితే మెడ, భుజాలు పీకేస్తాయి, కళ్లు మంటెత్తుతాయి. శరీరం మాత్రం దాన్ని కూర్చున్న పని కిందే జమ కడుతుంది. మీది మోటారుదే అయితే, ఇంటి పని కూడా కలుపుకుని, మొదటి బటన్‌కీ రెండోదానికీ మధ్యలో ఉంటారు.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 పట్టికను దీని పక్కన పెట్టి చూడండి. 55 కిలోల స్త్రీ కూర్చుని చేసే పనిలో ఉంటే 1,660, ఓ మోస్తరు శ్రమ అయితే 2,130, బరువు పని అయితే 2,720 కేలరీలు. 2010 పట్టికలో కూర్చుని పనిచేసే స్త్రీకి 1,900 ఉండేది. పాత పుస్తకాల్లో ఆ అంకె ఇంకా కనిపిస్తుంది, దాన్ని పట్టుకోకండి. ఈ పట్టికలు జనం మొత్తానికి సగటున వేసినవి. ఒకే ఎత్తు, ఒకే బరువు, ఒకే వయసున్న ఇద్దరు ఆడవాళ్ల మధ్య రోజుకు రెండు మూడు వందల కేలరీల తేడా ఉండటం మామూలే. కాబట్టి ఏ సూత్రమైనా ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతుంది. ఎక్కడ ఆగాలో చెప్పేది మీ సొంత నోటుబుక్కే. మీకు నేను 1,500 దగ్గర మొదలుపెడతాను.

నాలుగు వారాలు రాయండి. పొద్దున్నే బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, నీళ్లు కూడా తాగకముందు, అదే మిషన్ మీద, అదే చోట బరువు చూసుకోండి. అంకె రాసేసి మర్చిపోండి. ఏ రోజుకారోజు దాన్ని చూసి ఏడవొద్దు, మురిసిపోవద్దు. రాత్రి ఆవకాయ కాస్త ఎక్కువ కలుపుకున్నా, నెలసరి దగ్గరపడినా కిలో అటూ ఇటూ కదులుతుంది. ఆదివారం కూర్చుని ఏడు రోజుల సగటు తీయండి. పక్కనే తిన్నది, కేలరీలు రాయండి, వాటికీ సగటు తీయండి.

ఆ రెండు సగటులతో ఏం చేయాలో ఒక ఉదాహరణ చెబుతాను. ఖమ్మం నుంచి ఒకావిడ నాలుగు వారాల పుస్తకం పంపారు. రోజుకు సగటున 1,620 కేలరీలు తిన్నారు. మొదటి వారం సగటు బరువు 58.4, నాలుగో వారం సగటు 57.9. అంటే 21 రోజుల్లో అర కిలో. ఒంట్లో కిలో కొవ్వుకు దాదాపు 7,700 కేలరీలు లెక్క, అర కిలోకు 3,850. దాన్ని 21తో భాగిస్తే రోజుకు 183. ఆమె తిన్నదాని కంటే రోజూ అంత ఎక్కువ ఖర్చయింది. 1,620కి 183 కలిపితే దాదాపు 1,800. ఆమె బరువు నిలబడే అంకె అదీ. ఏ యాప్‌కీ ఆ అంకె దొరకదు, ఎందుకంటే ఆమె వంటిల్లు, ఆమె నడక దానికి తెలియవు.

ఈ లెక్క బాగుండాలంటే కొలత బాగుండాలి. నా 26 ఏళ్ల అనుభవంలో మన ఇళ్లలో లెక్క చెడేది రెండు చోట్ల, అన్నం దగ్గర, నూనె దగ్గర.

అన్నాన్ని వండాక కొలవొద్దు. పలుకుగా వండితే ఒక తూకం, మెత్తగా వండితే ఒక తూకం. బియ్యంగానే కొలవండి. రైస్ కుక్కర్‌తో పాటు ఇచ్చే చిన్న కప్పు 180 మిల్లీలీటర్లది, తలగొట్టి పోస్తే 150 గ్రాముల బియ్యం పడుతుంది, అంటే సుమారు 530 కేలరీలు. నలుగురికి రెండు కప్పులు పోసి సమానంగా తింటే మనిషికి 265. మీ వంతు గిన్నె వేరుగా తీసి పెట్టుకోండి, గరిటెల లెక్క గుర్తుండదు.

నూనె సంగతి ఇంకా కష్టం. పోయిన నెల ఒకావిడ "రోజుకు మూడు చెంచాలే మేడం" అన్నారు. పుస్తకంలో చెంచాకు 45 చొప్పున 135 కేలరీలు రాసుకున్నారు. మర్నాడు ఆ చెంచా తెమ్మన్నాను. పోపు డబ్బాలో ఉండే గుంట గరిటె అది. మందు సీసాతో వచ్చే కొలత మూతలో నీళ్లు పోసి, దాంతో ఆ గరిటె నింపి చూశాం. 5 మిల్లీలీటర్లు పోశాం, అడుగు కూడా నిండలేదు. ఇంకో 5 పోశాం. ఇంకో 4 పట్టింది. మూడు గరిటెలంటే 42 మిల్లీలీటర్లు, దాదాపు 340 కేలరీలు. రోజుకు 200 ఎక్కడినుంచి వస్తున్నాయో తెలియక ఆరు నెలలు తన ఒంటినే తిట్టుకున్నారామె. ఆ గరిటె చేతిలో పెట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు.

అందుకే గరిటెలు లెక్కపెట్టమని ఇప్పుడు ఎవరికీ చెప్పను. నూనె ప్యాకెట్ కత్తిరించిన రోజు దాని మీద స్కెచ్ పెన్నుతో తేదీ రాయండి. లీటరు నూనెలో దాదాపు 8,200 కేలరీలు. నలుగురు పది రోజులు వాడితే మనిషికి రోజుకు 205. తిరగమోత, దోసె, వేపుడు అన్నీ అందులోకే వచ్చేస్తాయి. ఊరగాయ నూనె, నెయ్యి మాత్రం విడిగా రాసుకోండి. పప్పన్నంలో వేసుకునే చిన్న చెంచా నెయ్యి 45 దాకా ఉంటుంది.

ఇక మీ ఆడపడుచు మాట. 2021లో సైన్స్ పత్రికలో ఒక పెద్ద పరిశోధన వచ్చింది. 29 దేశాల్లో 6,400 మందికి పైగా మనుషుల శక్తి ఖర్చును కొలిచారు, పసిపిల్లల నుంచి తొంభై దాటిన వాళ్ల దాకా. శరీర పరిమాణాన్ని లెక్కలోకి తీసుకున్నాక, 20 నుంచి 60 ఏళ్ల వరకూ ఆ ఖర్చు దాదాపు ఒకే తీరుగా ఉంది. 60 తర్వాతే నెమ్మదిగా తగ్గుతోంది. నలభైల్లో జరిగేది వేరు. కదలిక తగ్గుతుంది, కండ కరుగుతుంది, పిల్లలు కంచంలో వదిలింది పారేయలేక మనం తింటాం. ఆడపడుచు గారికి నా మాటగా ఇది చెప్పండి.

ఒక నిజం మాత్రం దాచను. 67 కిలోలప్పుడు ఇదే సూత్రం వేస్తే, అదే 1.2తో గుణిస్తే 1,524 వచ్చేది. ఇప్పుడు 1,416. తొమ్మిది కిలోలు తగ్గిన ఒంటికి రోజుకు 108 కేలరీలు తక్కువ చాలు, ఒకటిన్నర ఇడ్లీ అంత. మెటబాలిజం పాడైపోయి కాదు, మోసే బరువు తగ్గింది కాబట్టి. పాత తిండికి పూర్తిగా తిరిగి వెళ్తే పాత బరువూ వస్తుంది. 1,200 దగ్గరే ఆగిపోవడమూ మంచిది కాదు. జుట్టు రాలడం, నీరసం, చిరాకు మొదలవుతాయి, ఏదో ఒక రోజు ఆకలికి తట్టుకోలేక గిన్నె ఊడ్చేస్తారు.

1,200 నుంచి ఒక్కసారిగా 1,500కి వెళ్లొద్దు. రెండు వారాలు 1,350, ఆ తర్వాత 1,500, అక్కణ్నుంచి నాలుగు వారాల పుస్తకం. పెంచేది బిస్కెట్లతో వద్దు. 30 గ్రాముల కందిపప్పు సుమారు 100 కేలరీలు, ఒక గుడ్డు 75. మీ బరువుకు రోజుకు 48 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 1,200 చార్టులో అవి సరిపోయి ఉంటాయని నాకు నమ్మకం లేదు.

అన్నం పెంచిన మొదటి వారం బరువు కిలో దాకా పెరగొచ్చు. ఇది ముందే చెబుతున్నాను, గోడ మీద రాసి పెట్టుకోండి. ఏడు నెలలుగా ఖాళీగా ఉన్న కండల్లోకి పిండిపదార్థం నిల్వ చేరుతుంది, అది గ్రాముకు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అది నీరు, కొవ్వు కాదు. నా దగ్గరికొచ్చే ఆడవాళ్లలో చాలామంది సరిగ్గా ఈ వారంలోనే బెదిరి మళ్లీ 1,200కి పరిగెత్తారు. మీరు ఈ వారం దాటాలని నా కోరిక. మూడో వారం సగటు చూశాక మాట్లాడుకుందాం. టేపుతో నడుము కూడా కొలుచుకోండి, 80 సెంటీమీటర్ల లోపు ఉంటే నిశ్చింతగా ఉండండి.

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. జిమ్‌లో రోజూ 700 కేలరీలు కరిగినట్టు స్మార్ట్ వాచీ చూపిస్తోంది. యాప్ చెప్పిన అంకెకు ఈ 700 కలిపి తినొచ్చా?
- ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: వద్దు బాబూ. యాప్‌లో "వారానికి అయిదు రోజులు వ్యాయామం" అని నువ్వు నొక్కినప్పుడే ఆ ఖర్చు అందులో కలిసిపోయింది. మళ్లీ కలిపితే రెండుసార్లు లెక్కపెట్టినట్టు. వాచీ గుండె వేగాన్ని, అడుగుల్ని బాగానే పట్టుకుంటుంది, కేలరీల దగ్గర మాత్రం తరచూ తడబడుతుంది. పైన చెప్పిన నాలుగు వారాల పద్ధతే నీకూ. వాచీ తీసి పక్కన పెట్టనక్కర్లేదు, ఆ ఒక్క అంకెను మాత్రం చూడకు.

ప్రశ్న: మా అత్తయ్యకు 72 ఏళ్లు. అయిదు నెలల్లో 52 కిలోల నుంచి 47కి వచ్చారు. డైటింగ్ ఏమీ లేదు. బరువు నిలబడాలంటే ఎన్ని కేలరీలు పెట్టాలి?
- ఒక కోడలు, నిజామాబాద్

జవాబు: అమ్మా, ఇక్కడ కేలరీల లెక్క ఆపేద్దాం. ప్రయత్నం లేకుండా ఆరు నెలల్లో ఒంటి బరువులో 5 శాతం తగ్గితేనే డాక్టరు చూడాలి. మీ అత్తయ్యగారికి దాదాపు 10 శాతం పోయింది. షుగరు, థైరాయిడ్, టీబీ, ఇంకా లోపలి జబ్బులు ఏవైనా ఉన్నాయేమో వాళ్లు పరీక్ష చేస్తారు. మీరు ఇంట్లో చూడాల్సినవీ ఉన్నాయి. కట్టుడు పళ్లు వదులయ్యాయేమో అడగండి, ముద్ద మింగేటప్పుడు గొంతులో పడుతోందా చూడండి. ఆమె భోజనం చేసేటప్పుడు పక్కన ఎవరైనా కూర్చుంటున్నారా? ఒంటరిగా తినే పెద్దవాళ్లు రెండు ముద్దలకే లేచిపోతారు, బాగానే తిన్నానంటారు.

ఈలోగా కంచం పెద్దది చేయకుండా, ఉన్న ముద్దలోనే బలం పెంచండి. మెత్తటి ముద్దపప్పులో రెండు చెంచాల నెయ్యి, పాలు పోసి కాచిన రాగి జావ, బాగా ఉడికించి మెదిపిన గుడ్డు, గడ్డ పెరుగు, రోజుకు అయిదారుసార్లు కొద్దికొద్దిగా. షుగరుంటే జావలో బెల్లం వేయకండి. కానీ ఇవి పెడుతూ చూద్దాంలే అని నెల గడపొద్దు. ఈ వారంలోనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఆమె వాడే మందుల చీటీలన్నీ, ఈ అయిదు నెలల బరువులు రాసిన కాగితం ఉంటే అదీ, వెంట పట్టుకెళ్లండి.