దొరికిన పిల్లవాణ్ణి ఏం చేయాలి?

ప్రశ్న: దేవరకొండలో జూనియర్ కాలేజీ దగ్గర మాకు ఫ్యాన్సీ, స్టేషనరీ దుకాణం ఉంది. సాయంత్రం కాలేజీ వదలగానే పిల్లలు గుంపుగా వచ్చి, సెంటు కొట్టుకుని, అన్నీ తీసి చూసి వెళ్తారు. చిన్న వస్తువులు తరచుగా మాయమవుతున్నాయి. మొన్న ఒక అబ్బాయి ఇయర్‌ఫోన్స్ జేబులో వేసుకుంటూ దొరికాడు. నాలుగు తగిలించి, కెమెరా వీడియోను వాట్సాప్ గ్రూపులో పెడదామని మా వారు అన్నారు. నేను ఆపాను. నేను చేసింది సరైనదేనా?
– ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: అమ్మా, మీరు ఆపి చాలా మంచి పని చేశారు. దొంగతనం చేస్తూ దొరికినా సరే, కొట్టే హక్కు దుకాణదారుకు లేదు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత ప్రకారం కొట్టడమూ, గదిలో పెట్టి తలుపు వేయడమూ నేరాలే కనుక, కేసు మీ మీదికే తిరగవచ్చు. వీడియో సంగతి అంతకన్నా తీవ్రమైనది. దేవరకొండ వంటి ఊళ్లో ముఖం కనిపిస్తే చాలు, ఎవరి కొడుకో అందరికీ తెలిసిపోతుంది. ఆ అవమానంతో ఆ వయసు పిల్లవాడు ఏ అఘాయిత్యానికి పాల్పడతాడో అనుకుంటేనే నాకు భయం వేస్తుంది. పైగా విషయం పోలీసు విచారణకు వెళ్లాక 18 ఏళ్లు నిండనివారి పేరుగాని ఫొటోగాని బయటపెడితే, 2015 నాటి బాలల న్యాయ చట్టం కింద 6 నెలల వరకు జైలు, 2 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

ఇకమీదట ఎవరైనా దొరికితే తోటివాళ్ల ముందు నిలదీయకుండా గల్లా పక్కకు పిలిచి, వస్తువు తిరిగి తీసుకుని, తల్లినో తండ్రినో పిలిపించి మాట్లాడండి. సంచులు మీరు వెతకవద్దు, ఆడపిల్లలవైతే అసలే వద్దు. అదే పని మళ్లీ మళ్లీ చేసేవాడైతే ఠాణాలో బాలల సంక్షేమ పోలీసు అధికారి ఎవరో అడిగి, ఆయనకే చెప్పండి. పిల్లలను లాకప్‌లో పెట్టకూడదు.

ఇయర్‌ఫోన్స్, లిప్‌బామ్‌ల వంటివి గల్లా వెనక అద్దాల బీరువాలోకి మార్చి, అడిగినప్పుడు ఒక్కొక్కటే తీసి చూపండి. సెంటుకు ఒక్క సీసా విడిగా ఉంచి, దానితోనే చూసుకోమనండి. లోపలికి రాగానే “ఏం కావాలె బిడ్డా?” అని పలకరించండి, పలకరించిన మనిషి చూస్తుండగా చేయి అంత సులువుగా జేబులోకి పోదు. సంచులు బయట పెట్టాలన్న నియమం పెడితే అది పెద్దలకూ వర్తించాలి. కాలేజీ పిల్లలకే పెడితే ఏ తప్పూ చేయనివాళ్లను కూడా దొంగల కింద జమకట్టినట్టు అవుతుంది, వాళ్లే ఎక్కువమంది. ప్రిన్సిపాల్‌కు చెప్పదలిస్తే పేర్లు లేకుండా, ఏ వేళ ఏం జరుగుతున్నదో మాత్రమే చెప్పండి. ఆ అబ్బాయి మళ్లీ వస్తే, అందరికీ అమ్మినట్టే అతనికీ అమ్మండి.