బావ కారుకి మోటారు పెట్టే ముందు

చి. అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మొన్న నువ్వన్న మాట రెండు రోజులుగా మనసులో తిరుగుతోంది. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను. బావ పోయిన దగ్గర్నుంచి ఆ మారుతి 800 షెడ్డులోనే ఉందనీ, అమ్మడానికి అక్కకి మనసొప్పడం లేదనీ, ఇంజన్ తీసేసి కరెంటు మోటారు పెడదామనీ అన్నావు. పెట్టొచ్చు. మూడేళ్ల కిందట నా పాత 800కి నేనే పెట్టాను. నూజివీడు తోటలో ఎరువు బస్తాలూ మామిడికాయల ట్రేలూ మోయడానికి ఇప్పటికీ అదే దిక్కు. ఒక్కటే తేడా. నాది తోట గేటు దాటదు, నీది గుంటూరు రోడ్ల మీద తిరగాలి.

అందుకని స్పానర్ పట్టుకునే ముందు కాగితాలు చూడు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో రాసి ఉన్నదానికి తేడా వచ్చేలా బండిని మన ఇష్టానికి మార్చకూడదు. కరెంటుకి మార్చుకునే దారి ఉంది. పాత బండ్లకి బిగించే కరెంటు కిట్ల కోసం ఉన్న ఏఐఎస్-123 ప్రమాణం ప్రకారం పరీక్షించి, పుణెలోని ఏఆర్ఏఐ లాంటి వాహన పరీక్షల సంస్థ ఆమోదించిన కిట్టు కొనాలి. దాన్ని అనుమతి ఉన్న వర్క్‌షాపులో బిగించాలి. ఆ తర్వాత రవాణా శాఖ ఆఫీసులో ఆర్సీలో ఇంధనం మార్పించాలి. మోటారు ఒకచోట, బ్యాటరీ ఒకచోట కొని మనం ఇంట్లో బిగించింది ఎంత చక్కగా నడిచినా ఈ లెక్కలోకి రాదు. రేపు ఎవరికైనా తగిలితే ఇన్సూరెన్సు వాళ్లు చేతులెత్తేయొచ్చు.

నీ సంగతి నాకు తెలుసు, చేతికి గ్రీజు అంటకపోతే నీకు తోచదు. అయితే ఇలా చెయ్యి. తుప్పు పని, బ్రేకులు, లైట్ల వైరింగ్ అన్నీ నువ్వే చేసుకో. మోటారు, బ్యాటరీ కిట్టు మటుకు వాళ్లకి వదిలెయ్యి. అన్నీ నేనే చేస్తానంటావా, బండిని మన తోటకి తోలుకొచ్చెయ్, ఇక్కడే ఉంటుంది. ఏ దారి పట్టినా కింద రాసినవి తెలిసి ఉండాలి. బిగించేవాడి పని సరిగ్గా ఉందో లేదో చూడాల్సింది నువ్వే కదా.

లాభం కోసమైతే ఈ పని పెట్టుకోకు. లెక్క చెబుతాను. పెట్రోల్ లీటరు 110 అనుకో, బావ కారు లీటరుకి 16 కిలోమీటర్లు ఇస్తుందనుకో, కిలోమీటరుకి దాదాపు 7 రూపాయలు. కరెంటు మీద ఇంత తేలిక బండి కిలోమీటరుకి యూనిట్‌లో పదో వంతు తింటుంది, అంటే రూపాయి లోపే. మిగిలేది 6 రూపాయలు. నాకు మొత్తం రెండున్నర లక్షలు అయింది, అందులో సగం పైన బ్యాటరీకే. నువ్వు రోజుకి 15 కిలోమీటర్లు తిరిగితే ఆ డబ్బు వెనక్కి రావడానికి ఏడేళ్లు దాటుతుంది. ఈలోగా డోర్లకి తుప్పు వస్తే ఆ ఖర్చు వేరే. బావ కారు కాబట్టి చేస్తున్నావు, అది చాలు, లాభం సాకు అక్కర్లేదు.

విప్పేటప్పుడు అందరూ ముందు ఇంజన్ మీద పడతారు. నువ్వు ముందు పెట్రోల్ ట్యాంకు దించు. ఎప్పుడో ఎండిపోయిందని నమ్మకు. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకే ప్రమాదం, లోపల ఆవిరి ఉంటుంది. దాన్ని దించి దూరంగా ఆరుబయట పెట్టేదాకా గ్రైండరు గానీ వెల్డింగు గానీ బండి దగ్గరకి రానివ్వకు. తర్వాత ఇంజన్, రేడియేటరు, సైలెన్సరు, ట్యాంకు అన్నీ పాత ఇనుప కొట్టు కాటా మీద తూకం వేయించు. కొత్తగా పెట్టే బరువు ఆ అంకె దాటకపోతే స్ప్రింగులూ బ్రేకులూ మార్చే బాధ తప్పుతుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీలు చవకని చెప్పేవాళ్ల మాట ఇక్కడే తేలిపోతుంది. 12 వోల్టుల 100 ఆంపియర్-అవర్లది ఒక్కోటి సుమారు 30 కిలోలు, 72 వోల్టులకి ఆరు కావాలి, 180 కిలోలు. పైగా సగం కంటే ఎక్కువ వాడితే త్వరగా చస్తాయి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్లులైతే ఒక్కోటి 3.2 వోల్టులు, 24 పెడితే 76.8 వోల్టులు. 100 ఆంపియర్-అవర్లవి మొత్తం 50 కిలోల చుట్టూ ఉంటాయి, ఏడున్నర యూనిట్లు పడతాయి. పూర్తిగా పిండకుండా 60 కిలోమీటర్లు తిరగొచ్చు. పాత స్కూటర్లలోంచి పీకిన సెల్లులు సగం ధరకే అంటారు, వాటి జోలికి పోకు.

గేరుబాక్సు ఉంచెయ్యి. మోటారుని దానికి కలిపే ప్లేటు, కప్లింగు దగ్గరే అసలు పనితనం. పాత క్లచ్ ప్లేటు మధ్యలో పళ్లున్న ముక్క ఉంటుంది చూడు, అది గేరుబాక్సు షాఫ్టుకి సరిగ్గా కూర్చుంటుంది. కప్లింగు దాంతోనే చేయించు, కొత్తగా పళ్లు కోయించే ఖర్చు తప్పుతుంది. లేత్ పని నేను బెజవాడ ఆటోనగర్‌లో చేయించాను. మొదటిసారి హడావిడిలో షాఫ్టు ఎంత ఊగుతోందో కొలిచే డయల్ గేజ్ పెట్టకుండా బిగించేశాం. తిరిగింది కూడా. వారం రోజుల్లో గేరుబాక్సు ముందు బేరింగు ఏడుపు మొదలెట్టింది. మళ్లీ విప్పి చూస్తే సెంటరు తప్పింది. 0.05 మిల్లీమీటరు కంటే ఎక్కువ ఊగితే ఒప్పుకోకు. లేత్ వాడు "ఆ మాత్రానికేం కాదు సార్" అంటాడు. ఆ బేరింగు కొనేది వాడు కాదు.

ఇక కరెంటు. మోటారు తిరగడం చాలా తేలిక. తిరిగేదాన్ని ఆపడం గురించే నాకు టెన్షన్. ఇంట్లో కరెంటు సెకనుకి 100 సార్లు సున్నాకి వచ్చి పోతుంది, అందుకే స్విచ్ తీసినప్పుడు లోపల పుట్టే మంట ఆరిపోతుంది. బ్యాటరీ ఇచ్చే డీసీ కరెంటుకి ఆ సున్నా లేదు, ఎడం దొరికినా మంట సాగుతూనే ఉంటుంది. అందుకని ఇంట్లో వాడే ఎంసీబీ, అదే ట్రిప్పయ్యే స్విచ్, తెచ్చి పెట్టకు. డీసీకి తయారైన ఫ్యూజు బ్యాటరీ పక్కనే, తాళంతో పనిచేసే పెద్ద స్విచ్ లాంటి డీసీ కాంటాక్టరు దాని తర్వాత, అన్నీ ఒక్కసారి ఆపడానికి డ్రైవరు చేతికి అందేలా ఎర్ర బటన్ ఉండాలి. మొదట కరెంటుని మెల్లగా వదిలే ప్రీచార్జ్ రెసిస్టరు చిన్నదే కదా అని వదిలేస్తారు. అది లేకపోతే మోటారు వేగాన్ని నడిపే కంట్రోలరులోని కెపాసిటర్లు ఒక్కసారిగా కరెంటు గుంజుతాయి, కాంటాక్టరు లోపల ముక్కలు అతుక్కుపోతాయి. అప్పుడు తాళం తీసినా బండికి కరెంటు ఆగదు.

72 వోల్టులే కదా అనుకోకు, నిండా చార్జయితే 87 దాటుతుంది. పనిలో దిగేముందు ఉంగరం, గొలుసు, వాచీ తీసెయ్. స్పానర్లకి ఇన్సులేషన్ టేపు చుట్టు. నా 13 నంబరు స్పానర్ చేయి జారి రెండు టెర్మినల్స్ మీద పడింది, మూతి కరిగిపోయింది. ఇప్పటికీ డ్రాయర్లో ఉంది, వచ్చినప్పుడు చూపిస్తా. కేబులు చివర బోల్టుకి తగిలించే లోహపు లగ్గులు సుత్తితో కొట్టి బిగించొద్దు. 10 కిలోవాట్ల మోటారంటే 140 ఆంపియర్లు పారతాయి, వదులు లగ్గు పొయ్యిలా కాలుతుంది. వాటిని నొక్కి బిగించే హైడ్రాలిక్ క్రింపరు కరెంటు లైను పని చేసే కాంట్రాక్టర్ల దగ్గర ఉంటుంది, ఒక పూట అడిగి తెచ్చుకో. బ్యాటరీ పెట్టెని ఫ్లోరు రేకుకి కాకుండా ఛాసిస్ దూలాలకి బోల్టు చెయ్యి. గట్టిగా గుద్దితే ఆ 50 కిలోలు నీ వీపు మీదికే వస్తాయి.

అల్టర్నేటరు పోతుంది కాబట్టి లైట్లకీ హారన్‌కీ పెద్ద ప్యాకు కరెంటుని 12 వోల్టులకి దించే డీసీ-డీసీ కన్వర్టరు కావాలి. చిన్న 12 వోల్టుల బ్యాటరీ మటుకు తీసెయ్యకు. పెద్ద ప్యాకు ఆగిపోయినా రోడ్డు మీద ఇండికేటర్లు వెలగాలి. ఏసీ సంగతి మర్చిపో.

బ్రేకుల గురించి మటుకు రెండుసార్లు చదువు. పెడల్ తేలిగ్గా దిగేది బూస్టరు వల్ల, బూస్టరు పనిచేసేది ఇంజన్ పీల్చే గాలి వల్ల. ఇంజన్ లేకపోతే ఆ పీల్చడం లేదు. ఇంత తెలిసీ నేను దాన్నే మర్చిపోయాను. మొదటి రోజు మీ అత్తయ్యని పక్కన కూర్చోబెట్టుకుని బోరు షెడ్డు వైపు పల్లంలోకి వదిలాను. చప్పుడు లేకుండా బ్రహ్మాండంగా పోతోంది. చివర బ్రేకు తొక్కితే పెడల్ రాయిలా ఉంది. రెండు కాళ్లతో నొక్కినా సరిగ్గా పట్టలేదు, ఎదురుగా ఉన్న పెంటకుప్పలోకి దూరి ఆగింది. నెలరోజులు ఎవరొచ్చినా మీ అత్తయ్య ఇదే కథ చెప్పింది. ఇంజన్ బదులు గాలి పీల్చడానికి కరెంటుతో నడిచే వాక్యూమ్ పంపు, ఆ పీల్పుని నిలవ ఉంచే చిన్న డబ్బా, పంపు స్విచ్ ముందు బిగించు. ముందు చక్రాలు పైకి లేపి, జాకీ మీద కాకుండా స్టాండ్ల మీద పెట్టి, మోటారు సరైన వైపు తిరుగుతోందా, బ్రేకు పట్టుకుంటోందా చూసుకున్నాకే నేల మీదకి దించు.

చార్జింగ్‌కి మీటరు నుంచి విడిగా వైరు లాగి, ఎర్తింగ్ ఉన్న 15 ఆంపియర్ల సాకెట్ పెట్టించు. ఎక్స్‌టెన్షన్ బోర్డు కరిగిపోతుంది. మే నెలలో తిరిగి రాగానే పెట్టకు, గంట చల్లారనివ్వు.

ఇవన్నీ తర్వాత. బావ కారు 2005ది కాబట్టి 15 ఏళ్లు 2020లోనే నిండాయి. రెన్యువల్ చేయించారా? ఆర్సీ ఇంకా బావ పేరు మీదే ఉందని అక్క అంది. ఇంజన్ నడుస్తుండగానే ఈ రెండూ పూర్తి చెయ్యి. బ్రేక్ ఇన్‌స్పెక్టరు ఇంజన్ నంబరు చూస్తానంటే, విప్పేసిన బండిని ట్రాలీ మీద తీసుకెళ్లి ఏం చూపిస్తావు? ఆదివారం మ్యాట్లు ఎత్తి ఫ్లోరుని స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడు. తుప్పు పట్టి స్క్రూడ్రైవర్ లోపలికి దిగితే నాకు ఫోటో పంపు, అప్పటిదాకా ఏమీ కొనకు. అక్కకి నా నమస్కారాలు చెప్పు. రసాలు దిగాక బుట్ట పంపిస్తాను.

మీ మామయ్య