ఫ్రాంకింగ్ మెషిన్‌తో తంటాలా?

ప్రశ్న: మాది చిట్‌ఫండ్ బ్రాంచి ఆఫీసు. నెలాఖరుకి చందాదారులకు వందల కొద్దీ ఉత్తరాలు పంపాలి. ఈ మధ్యే ఫ్రాంకింగ్ మెషిన్ (స్టాంపులకు బదులు కవర్ల మీద తపాలా చార్జీ ముద్ర వేసే యంత్రం) పని నాకు అప్పజెప్పారు. సాయంత్రం ముద్రలు వేసి ఉంచితే, మర్నాడు పోస్టాఫీసులో తేదీ కుదరదని వెనక్కిచ్చారు. కొన్ని కవర్ల మీద ముద్ర అలుక్కుపోతోంది. మెషిన్‌లో వేసిన డబ్బు కూడా తొందరగా అయిపోతోంది. చాలా టెన్షన్‌గా ఉందండీ.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: డబ్బు సంగతి ముందు చూద్దామమ్మా, అది కాటా దగ్గరే పోతున్నట్టుంది. మామూలు ఉత్తరానికి 20 గ్రాముల వరకు 5 రూపాయలు, ఆ పైన ఒక్క గ్రాము పెరిగినా మరో 5 రూపాయలు. 80 జీఎస్‌ఎం (అంటే చదరపు మీటరుకు 80 గ్రాముల) ఏ4 కాగితం ఒక్కోటి సుమారు 5 గ్రాములు తూగుతుంది, కాబట్టి మూడు కాగితాలు, కవరు, ఓ పిన్ను కలిసేసరికి 20 దాటిపోయి చార్జీ రెట్టింపవుతుంది. రెండు వైపులా ప్రింట్ తీయిస్తే చాలు, ఈ ఖర్చు సగానికి సగం మిగులుతుంది. మీ మేనేజర్ గారికి ఈ లెక్క కాగితం మీద వేసి చూపించండి, తప్పకుండా ఒప్పుకుంటారు.

మెషిన్ ఆన్ చేయకముందే కవర్లను బరువును బట్టి కట్టలుగా విడదీయండి. 5 రూపాయలవన్నీ ఒకేసారి, తర్వాత రేటు మార్చి 10 రూపాయలవి. కలగాపులగంగా పెట్టి మధ్యమధ్యలో రేటు మారుస్తుంటే ఎక్కడో ఒకచోట పొరపాటు పడుతుంది, ఒకసారి పడిన ముద్ర డబ్బు మెషిన్‌లోంచి పోయినట్టే. పాడైన కవరును మాత్రం చించి పారేయకండి, అలాగే దాచి పోస్టాఫీసులో వాపసుకి ఎలా దరఖాస్తు చేయాలో అడగండి.

ముద్ర మీద ఉన్న తేదీ, మీరు కవర్లు అప్పగించే తేదీ ఒకటే కావాలి. వీలైతే పంపే రోజు పొద్దున్నే వేయండి, సాయంత్రమే వేయక తప్పదంటే మెషిన్‌లో తేదీ మర్నాటికి మార్చే వీలుందేమో చూసి, మార్చాకే మొదలుపెట్టండి.

అలుక్కుపోవడానికి ఎక్కువగా కారణం లోపల ఉబ్బెత్తుగా ఉన్న పిన్నూ క్లిప్పూనే, లేదంటే నున్నటి కవరు మీద ఆరని సిరా. కవర్లను పేకముక్కల్లా ఒకసారి విదిలించి పెడితే రెండేసి అంటుకుని లోపలికి పోవు. మందంగా ఉన్నవాటిని మెషిన్‌లో దూర్చకుండా, లేబుల్ మీద ముద్ర తీసి చిరునామా వైపు కుడి పైమూల అంటించండి.

ఇక ఇంతకుముందు రిజిస్టర్డ్ పోస్టులో పంపే నోటీసులుంటే, ఆ కట్ట వేరుగా ఉంచండి. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు, మీ గోడ మీద పాత రేట్ల పట్టిక ఉంటే ఈ రోజే తీసేయండి. ముద్ర వేసిన కవర్లు వీధిలోని ఎర్ర డబ్బాలో వేయకూడదు. చిరునామాలన్నీ ఒకేవైపు ఉండేలా కట్టలు కట్టి, మీ మెషిన్ లైసెన్సులో రాసి ఉన్న పోస్టాఫీసులోనే అప్పగించాలి. అక్కడ టపా ఎన్నింటి దాకా తీసుకుంటారో ఒకసారి కనుక్కుంటే, పొద్దున ఎన్నింటికి కూర్చోవాలో మీకే తెలుస్తుంది.