ఇంఫాల్ దండయాత్రను ఎవరూ ఎందుకు ఆపలేదు?

ప్రశ్న: 1944లో మణిపూర్ వరకు వచ్చిన జపాన్ సైన్యం తిండి లేక నాశనమైందని చదివాను. అంత అనుభవం ఉన్న సేనానులకు ఆ సంగతి ముందే తెలియదా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: తెలుసు. 1942లో అస్సాం మీదికి వెళ్లాలన్న ఆలోచన మొదటిసారి వచ్చినప్పుడు, దారులు లేని ఆ కొండల్లో సైన్యాన్ని పోషించడం సాధ్యం కాదని అడ్డు చెప్పినవారిలో జపాన్ సేనాని ముతగుచి రెన్యా ఒకరు. మరుసటి ఏడాది బ్రిటిష్ అధికారి వింగేట్ దళాలు అదే అడవిని దాటి బర్మాలోకి చొరబడడంతో, వాళ్లు రాగలిగిన దారిన మనం పోలేమా అని ఆయన మనసు మార్చుకున్నారు. వింగేట్ మనుషులకు తిండి విమానాల్లోంచి జారవిడిచారన్న సంగతి ఆయన లెక్కలోకి రానేలేదు. అప్పటికి ఆయన 15వ సైన్యానికి అధిపతి.

రవాణా వ్యవహారాలు బాగా తెలిసిన ఆయన చీఫ్ ఆఫ్ స్టాఫ్ ఒబాతా, ఇది జరిగే పని కాదన్నందుకు పదవి పోగొట్టుకున్నారు. ఆగ్నేయాసియాలోని జపాన్ సేనలన్నిటికీ పైనున్న దక్షిణ సైన్య కేంద్రంలో గట్టిగా వ్యతిరేకించిన అధికారి ఇనాదాను 1943 అక్టోబరులో బదిలీ చేశారు. బర్మాలో పై అధికారి అయిన కవాబేకు అనుమానాలున్నా, 1937లో చైనాతో యుద్ధానికి దారితీసిన మార్కోపోలో వంతెన ఘటన నాడు తన కింద పనిచేసిన ముతగుచి ఉత్సాహం మీద నీళ్లు చల్లడానికి మనసొప్పలేదు. టోక్యోలో సైనిక కార్యకలాపాల విభాగాధిపతి సనాదా ససేమిరా అంటే, దక్షిణ సైన్యాధిపతి తెరౌచి కోరికను కాదనవద్దని సైన్యాధ్యక్షుడు సుగియామా ఆయనను ఒప్పించారు. అనుమతి కాగితం చేరేసరికి ప్రధాని తోజో స్నానం చేస్తున్నారని, బయట నిలబడిన అధికారిని లోపలి నుంచే సరఫరాల గురించి, విమానాల గురించి ప్రశ్నించి సరేనన్నారని చెబుతారు. ఆ ప్రశ్నలు సరైనవే; వాటికి నిజమైన జవాబు చెప్పగలవారిని మాత్రం అప్పటికే పక్కకు తప్పించారు. 1944 జనవరిలో అనుమతి వచ్చేసింది. నా దృష్టిలో ఇది వ్యూహం కన్నా మొహమాటం తీసుకున్న నిర్ణయం.

సుమారు మూడు వారాల తిండితో చింద్విన్ నదిని దాటి, అది అయిపోయేలోగా ఇంఫాల్‌లోని బ్రిటిష్ గోదాములను పట్టుకుని వాటితో బతకాలన్నది పథకం. అంటే శత్రువు తమకు అనుకూలంగా ఓడిపోతేనే ఈ లెక్క కుదురుతుంది. దారిలో కోసుకు తినడానికి తోలుకెళ్లిన పశువుల్లో చాలా భాగం నదిలోనూ కొండ దారుల్లోనూ చచ్చిపోయాయి. అంటే శత్రువు తమకు అనుకూలంగా ఓడిపోతేనే ఈ లెక్క కుదురుతుంది. బ్రిటిష్ సేనాని స్లిమ్ కావాలనే వెనక్కి తగ్గి, ఇంఫాల్ మైదానంలో పోరుకు సిద్ధపడి, బర్మా తీరంలోని అరకాన్ నుంచి 5వ భారత డివిజన్‌ను విమానాల్లో రప్పించారు. ఆయనా పొరబడ్డారు: కోహిమా మీదికి ఒక రెజిమెంటు వస్తుందనుకుంటే ఏకంగా ఒక డివిజనే వచ్చి పడింది. అక్కడ డిప్యూటీ కమిషనర్ బంగళా టెన్నిస్ కోర్టుకు అటూ ఇటూ నిలిచి ఇరుపక్షాలూ రోజుల తరబడి గ్రెనేడ్లు విసురుకున్నాయి.

జూన్ మొదట్లో కవాబే స్వయంగా ముతగుచిని కలిశారు. వెనక్కి రావాలని ఇద్దరికీ ఉన్నా ఎవరూ నోరు విప్పలేదు. తన ముఖం చూసి ఆయనే గ్రహిస్తారని ఆశించానని ముతగుచి తర్వాత చెప్పుకున్నారు. ఉపసంహరణ ఆజ్ఞ జులైలో గాని రాలేదు. అప్పటికే తిండి పంపడం లేదని కోహిమా నుంచి ఆజ్ఞ లేకుండానే తన డివిజన్‌ను వెనక్కి తెచ్చిన సాతోతో సహా ముగ్గురు డివిజన్ కమాండర్ల పదవులూ పోయాయి. బయలుదేరిన సుమారు 85,000 మందిలో 30,000 మంది దాకా చనిపోయారు. యుద్ధంలో కన్నా ఆకలికి, జబ్బులకు పోయినవారే ఎక్కువ.

ప్రశ్న: సుభాష్ చంద్రబోస్ ఒత్తిడి వల్లే జపాన్ ఈ దండయాత్రకు దిగిందంటారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: పూర్తిగా కాదు. బోస్ పట్టుదల టోక్యోలో రాజకీయంగా పనికొచ్చింది, ఆజాద్ హింద్ ఫౌజ్ 1944 ఏప్రిల్ 14న మణిపూర్‌లోని మొయిరాంగ్‌లో జెండా ఎగరేసింది కూడా. కాని ముతగుచి ఆలోచన అంతకు ముందే పుట్టింది. టోక్యో అనుమతించింది బర్మా రక్షణ కోసం ఇంఫాల్ ప్రాంతాన్ని పట్టుకోవడానికే. ముతగుచి మనసు మాత్రం అస్సాం మీద ఉంది. అందుకే కోహిమా నుంచి అస్సాం దారిలోని దిమాపూర్ మీదికి వెళ్లమని ఆయన ఆజ్ఞాపిస్తే, అది అనుమతించిన పరిధిలో లేదని కవాబే రద్దు చేశారు.