దుబాయ్‌లో రిజిస్టరైన బ్రాండ్ పేరు సౌదీ, కువైట్‌లలో చెల్లుతుందా?

చెల్లదండి. "ఆరు గల్ఫ్ దేశాలదీ ఒకే కస్టమ్స్ యూనియన్ కదా, పేరుకు మళ్లీ మళ్లీ రిజిస్ట్రేషన్ ఎందుకు?" అని మీరు అడిగారు, మీ ప్యాకింగ్ మెషీన్ పేటెంట్ గురించి కూడా. నేను దుబాయ్‌లో ఒక ఫుడ్‌స్టఫ్ ట్రేడింగ్ కంపెనీలో కాగితాల పని చూస్తాను. మా ఓనర్‌ది కూడా ఇదే ప్రశ్న.

2003లో మొదలైన జీసీసీ (ఈ ఆరు గల్ఫ్ దేశాల కూటమి) కస్టమ్స్ యూనియన్ సరుకుకు సంబంధించింది. బయటి నుంచి వచ్చే చాలా సరుకులకు 5 శాతం సుంకం, అదీ మొదట దిగిన రేవులోనే కడతాం. పేరు మీద హక్కు మాత్రం ఏ దేశానికి ఆ దేశమే ఇస్తుంది. జీసీసీకి ఉమ్మడి ట్రేడ్‌మార్క్ చట్టం ఉన్నా, అందులో ఉమ్మడివి నియమాలే. దరఖాస్తు, ఫీజు, సర్టిఫికెట్ ఎక్కడికక్కడే. ఆ చట్టాన్ని కువైట్ 2015 చివర్లో, సౌదీ 2016లో అమల్లోకి తెచ్చాయి. యూఏఈ అయితే 2021లో సొంత చట్టమే చేసుకుంది.

మా కారప్పొడి, సాంబారు పొడి కువైట్‌లో బాగా పోయేవి. కడప, గోదావరి జిల్లాల వాళ్లు అక్కడ ఎక్కువ కదా. తీరా చూస్తే అక్కడి డిస్ట్రిబ్యూటరే మా బ్రాండ్‌కు తన పేరు మీద దరఖాస్తు పెట్టాడు. ఆ దరఖాస్తు గురించి ప్రకటన వెలువడ్డాక అభ్యంతరం చెప్పడానికి 60 రోజులే గడువు. అందులో సగం అక్కడి లాయరుకు ఇచ్చే పవర్ ఆఫ్ అటార్నీ అటెస్టేషన్‌కే పోయింది: ఇక్కడ నోటరీ, విదేశాంగ శాఖ, కువైట్ కాన్సులేట్, మళ్లీ అక్కడి విదేశాంగ శాఖ. ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు. చివరికి రాజీ కుదిరింది కానీ, ముందే రిజిస్టర్ చేసుకుంటే అయ్యే ఖర్చుకు ఎన్నో రెట్లు లాయర్లకు పోసాం.

సుంకం గొడవ లేకుండా సరుకు సరిహద్దు దాటుతోందంటే, మీకంటే ముందే మీ పేరు అక్కడికి చేరుతోందన్నమాట. మొదటి ట్రక్కు కదలకముందే దరఖాస్తు వేయండి. బ్రాండ్ ఇండియాలో రిజిస్టరై ఉంటే మాడ్రిడ్ పద్ధతిలో (ట్రేడ్‌మార్క్‌లకు అంతర్జాతీయ ఏర్పాటు) అక్కడి నుంచే ఒక్క దరఖాస్తుతో బహ్రెయిన్, ఒమన్, యూఏఈ, ఖతార్‌లను కోరవచ్చు. మేం వేసినప్పుడు సౌదీ, కువైట్ అందులో లేవు, విడిగా లాయర్లను పెట్టుకున్నాం.

మీ ప్యాకింగ్ మెషీన్ పేటెంట్ సంగతి వేరు. రియాద్‌లోని జీసీసీ పేటెంట్ ఆఫీసు 1998లో దరఖాస్తులు తీసుకోవడం మొదలుపెట్టింది. ఒక్క పేటెంటే ఆరు దేశాల్లోనూ చెల్లేది. నన్నడిగితే ఉమ్మడి మార్కెట్ అనే మాటకు తగిన ఏర్పాటు అదే, కానీ 2021 జనవరిలో ఆ తరహా దరఖాస్తులు ఆపేశారు. ఇప్పుడు పీసీటీ (పేటెంట్ దరఖాస్తులకు అంతర్జాతీయ ఒప్పందం) దారే మేలు. ఆరు దేశాలూ అందులో ఉన్నాయి. మొదటి దరఖాస్తు తేదీ నుంచి సాధారణంగా 30 నెలల్లోపు, మీకు నిజంగా అమ్మకాలుండే దేశాల్లో మాత్రం ముందుకు వెళ్తే సరిపోతుంది.